అహ్‌ఖాఫ్: గాలి కట్టే కొండలు

దివ్య ఖుర్‌ఆన్‌లోని 46వ సూరా పేరు అహ్‌ఖాఫ్. మన ఇళ్లలో తిలావత్ చేసే వారందరికీ పరిచయమైన పేరే. ఆద్ జాతి నివసించిన నేలగా, హజ్రత్ హూద్ (అలైహిస్సలాం) తన జాతి ప్రజలను హెచ్చరించిన స్థలంగా ఆ పదం మనకు గుర్తుంది. దాని అర్థమేమిటని అడిగితే ‘ఇసుక దిబ్బలు’ అని చెప్పి ఊరుకుంటాం. అరబీ నిఘంటుకర్తలు అంతటితో ఊరుకోలేదు. అహ్‌ఖాఫ్ అనేది ‘హిఖ్ఫ్’ అనే మాటకు బహువచనమనీ, పొడవుగా సాగి వంపు తిరిగిన ఇసుక గుట్టనే హిఖ్ఫ్ అంటారనీ వారు వివరించారు. ఏదో ఒక ఇసుక కుప్పను ఆ పేరుతో పిలవరు. పొడవు ఉండాలి, వంపు ఉండాలి.

ఆ పొడవును, ఆ వంపును ఇసుకకు ఎవరు ఇచ్చారు? ప్రాణం లేని రేణువులు ఒక క్రమంలో చేరి వందల అడుగుల కొండగా ఎలా ఎదుగుతాయి? ఎదిగిన కొండ ఉన్నచోటే ఉంటుందా? ఈ ప్రశ్నలకు ప్రకృతి శాస్త్రం చాలావరకు సమాధానాలు సేకరించింది. వాటిని తెలుసుకుంటే సూరా పేరు మరింత స్పష్టంగా అర్థమవుతుంది. అంతకు మించి, ఇసుక ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు నిలుస్తుందో తెలుస్తుంది. ఇసుక పక్కన బ్రతికే మనుషులకు ఈ రెండో విషయం జీవన్మరణ సమస్య.

నాలుగో వంతు శూన్యం

అహ్‌ఖాఫ్ ప్రాంతం ఒమాన్‌కూ హజ్రమౌత్‌కూ నడుమ ఉన్నదని పలువురు ముఫస్సిర్లు పేర్కొన్నారు. ఆ దిక్కున నేడు విస్తరించి ఉన్నది రుబ్‌అల్ ఖాలీ ఎడారి. ‘రుబ్’ అంటే నాలుగో వంతు. ‘ఖాలీ’ మనం తెలుగులో నిత్యం వాడే ‘ఖాళీ’యే. సౌదీ అరేబియా, ఒమాన్, యమన్, ఐక్య అరబ్ ఎమిరేట్స్ దేశాల్లో ఇది దాదాపు 6,50,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలను కలిపితే వచ్చే వైశాల్యానికి ఇది రెండింతల కన్నా ఎక్కువ. ఎడతెగకుండా ఇసుకే పరుచుకున్న ఎడారుల్లో ప్రపంచంలో ఇదే అతి పెద్దది. ఇక్కడి కొన్ని దిబ్బలు 250 మీటర్ల ఎత్తు వరకు లేస్తాయి.

ఇంత ఇసుక ఎక్కడిది? దాదాపు వెయ్యేళ్ల క్రితమే అబూ రైహాన్ అల్ బీరూనీ (973–1048) ఇసుక పుట్టుకను గమనించాడు. హిందూదేశం గురించి రాసిన గ్రంథంలో ఆయన ఒక క్రమాన్ని గుర్తించాడు. పర్వతాల దగ్గర, నదులు ఉరవడిగా పారే చోట రాళ్లు పెద్దవిగా ఉంటాయి. దూరం వెళ్లేకొద్దీ, ప్రవాహం నెమ్మదించేకొద్దీ అవి చిన్నవవుతాయి. నది సముద్రంలో కలిసే చోటికి వచ్చేసరికి ఇసుకగా మారతాయి. ఒకప్పుడు సముద్రంగా ఉన్న ప్రదేశం ఇలా నదులు తెచ్చిన మేటతో నిండి ఈ మైదానం ఏర్పడి ఉంటుందని ఆయన ఊహించాడు.

అరేబియా ఇసుక కథా ఇలాంటిదే. తడి ఎక్కువగా ఉన్న యుగాల్లో పడమటి పర్వతాల నుంచి పారిన వాగులు రాళ్లను అరగదీసి తెచ్చి లోతట్టు ప్రాంతంలో పోశాయి. చివరి మంచుయుగంలో భూమి మీది నీటిలో కొంత భాగం మంచుగా గడ్డకట్టడంతో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు తగ్గింది. నేటి పర్షియన్ గల్ఫ్ లోతు తక్కువైనది కనుక దాని అడుగు దాదాపు అంతా బయటపడింది. ఆ అడుగున ఉన్న ఇసుకను వాయవ్యపు గాలి దక్షిణానికి తోసింది. ఆ గాలిని అరబ్బులు ‘షమాల్’ అంటారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లకు ఈ పేరు కొత్త కాదు.

తూర్పారబట్టే గాలి

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం చూసినవారికి తర్వాతి సంగతి సులభంగా బోధపడుతుంది. చేటతో ఎత్తి పోసినప్పుడు పొట్టు దూరంగా ఎగిరిపోతుంది, తాలు కొంచెం దూరాన పడుతుంది, గట్టి గింజ కాళ్ల దగ్గరే రాలుతుంది. గాలి ఎడారిలో చేసే పని కూడా ఇదే. మెత్తని ధూళిని ఆకాశానికి ఎత్తి దేశాలు దాటిస్తుంది. గులకరాళ్లను కదిలించలేక వదిలేస్తుంది. ఈ రెండింటికీ మధ్యనున్న రేణువులను మాత్రం నేల పట్టున ముందుకు తోస్తుంది. అందుకే దిబ్బలోని ఇసుక జల్లెడ పట్టినట్టు ఒకే రీతిగా ఉంటుంది. అందులోని రేణువులు చాలావరకు మిల్లీమీటరులో పదో వంతు నుంచి అర మిల్లీమీటరు వరకు ఉంటాయి.

ఈ చలనాన్ని లెక్కగట్టి చెప్పినవాడు రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు. ఈజిప్టు, లిబియా ఎడారుల్లో మోటారు కార్లతో తిరిగి, తర్వాత గాలి సొరంగంలో ప్రయోగాలు చేసి, 1941లో ఆయన ఒక గ్రంథం వెలువరించాడు. ఈ రంగంలో నేటికీ దానినే పునాదిగా భావిస్తారు. పొడి ఇసుక కదలాలంటే గాలి సుమారు గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. అప్పుడు రేణువు పైకి లేచి, గాలితోపాటు కొంత దూరం పోయి, వాలుగా కిందికి దూకుతుంది. పడుతూ మరికొన్ని రేణువులను ఎగరగొడుతుంది. అవి ఇంకొన్నింటిని ఎగరగొడతాయి. ఎగరలేని బరువైన రేణువులు ఈ దెబ్బలకు నేల మీదే జరుగుతూ పోతాయి. మొత్తం కదిలే ఇసుకలో సుమారు నాలుగింట మూడు వంతులు గెంతుతూ, మిగిలిన వంతు పాకుతూ ప్రయాణిస్తుందని బాగ్నాల్డ్ లెక్కించాడు.

గెంతే రేణువులు చాలావరకు మనిషి నడుము ఎత్తు దాటవు. కనుక ధూళి లేని అసలైన ఇసుక గాలిలో కాళ్లకు సూదులు గుచ్చినట్టున్నా, తలపైన ఆకాశం నిర్మలంగా కనిపించవచ్చు.

మరి పరుగెత్తే ఇసుక ఒకచోట పోగవడం ఎందుకు? గట్టి రాతి నేల మీద పడిన రేణువు బంతిలా ఎగిరి ముందుకు పోతుంది. మెత్తని ఇసుక మీద పడితే దాని ఊపు అక్కడే చచ్చిపోతుంది. అంటే కొంచెం ఇసుక ఉన్నచోటికి మరికొంత ఇసుక చేరుతుంది. ఒక ముళ్లపొద, ఒక రాయి, చివరికి ఒక ఒంటె కళేబరం అయినా చాలు. దాని చాటున గాలి మందగించి, మోసుకొచ్చిన బరువును దింపుతుంది. పెద్ద దిబ్బలెన్నో ఇలాంటి చిన్న పోగులుగానే మొదలవుతాయి.

ఎక్కుతూ, జారుతూ

దిబ్బకు రెండు ముఖాలు. గాలికి ఎదురుగా ఉన్నది ఏటవాలుగా, సుమారు 10 నుంచి 15 డిగ్రీల వాలుతో, గట్టిగా అణిగి ఉంటుంది. దాని మీద వాహనం కూడా నడవగలదు. గాలి చాటున ఉన్నది నిటారుగా, మెత్తగా ఉంటుంది. రేణువులు ఎదురు ముఖం మీదుగా శిఖరానికి ఎక్కి, ఆవలి అంచున పేరుకుంటాయి. పేరుకున్న ఇసుక వాలు సుమారు 32 నుంచి 34 డిగ్రీలు దాటగానే ఒక పొరగా జారి కింద పడుతుంది.

ఈ సంగతి మదరసాలో చెప్పవలసి వచ్చినప్పుడు పళ్లెంలో బియ్యం పోసి చూపిస్తాను. ఎంత పోసినా కుప్ప ఎత్తు, వెడల్పు పెరుగుతాయే గాని దాని వాలు మారదు. కుప్ప అడుగు నుంచి ఒక పిడికెడు తీస్తే పైన ఉన్నది జరజరా దిగి వస్తుంది. సూరా ముజ్జమ్మిల్‌లో ప్రళయదినాన పర్వతాల స్థితిని వర్ణిస్తూ ‘కసీబ్’, ‘మహీల్’ అనే పదాలు వచ్చాయి. కసీబ్ అంటే ఇసుక గుట్ట. మహీల్ అంటే అడుగు నుంచి కాస్త తీస్తే పైనున్నది జారిపోయేదని వ్యాఖ్యాతలు విడమరిచారు. ఎడారిలో పుట్టి పెరిగిన తొలి శ్రోతలకు ఆ దృశ్యం వెంటనే కళ్లకు కట్టి ఉంటుంది. బియ్యపు కుప్ప చూశాక మన పిల్లలకూ కడుతుంది.

దిబ్బ నడక కూడా ఈ జారుడులోనే ఉంది. వెనుక ముఖం నుంచి ఇసుక లేచిపోతుంది, ముందు ముఖం మీద జారిపడుతుంది. కొన్నాళ్లకు దిబ్బ మొత్తం తన పొడవు మేర ముందుకు జరిగి ఉంటుంది. ఆకారం మాత్రం మారదు. అడుగున పూడిపోయిన రేణువు, దిబ్బ తన మీదుగా దాటిపోయాక వెనుక వైపున మళ్లీ వెలుగు చూసి, మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది. చిన్న దిబ్బలు ఏడాదికి పదుల మీటర్లు నడుస్తాయి. పెద్దవాటిని కదిలించడానికి ఎక్కువ ఇసుక మోయాలి కనుక అవి కొన్ని మీటర్లకు మించి జరగవు.

గాలి దిక్కును బట్టి రూపం

ఇసుక తక్కువగా ఉండి, ఏడాది పొడవునా గాలి ఒకే దిక్కు నుంచి వీస్తే నెలవంక దిబ్బ ఏర్పడుతుంది. దీనికి ‘బర్ఖాన్’ అని తుర్కీ భాషల నుంచి వచ్చిన పేరు. దీని రెండు కొసల దగ్గర ఇసుక పలుచన కాబట్టి అవి త్వరగా ముందుకు పోతాయి. నడుమ భాగం వెనకబడుతుంది. అందువల్ల నెలవంక కొమ్ములు గాలి పోయే దిక్కును చూపుతుంటాయి. ఇసుక సమృద్ధిగా ఉంటే ఈ నెలవంకలు ఒకదానితో ఒకటి కలిసి గాలికి అడ్డంగా అలల వరుసల్లా నిలుస్తాయి.

ఋతువును బట్టి గాలి రెండు దిక్కుల నుంచి వీచే చోట దిబ్బ రెండు వైపులా దెబ్బ తింటూ నిలువునా సాగుతుంది. అరబ్బులు దాన్ని ‘సైఫ్’ అన్నారు, అంటే ఖడ్గం. శిఖరపు అంచు కత్తి వాదరలా వంపులు తిరిగి కనిపిస్తుంది. పొడవుగా సాగి వంపు తిరగడమే కదా హిఖ్ఫ్ లక్షణం! రుబ్‌అల్ ఖాలీ నైరుతి భాగంలో ఇలాంటి దిబ్బలు వంద కిలోమీటర్లకు పైబడి సాగుతాయి. ఇంతటి పొడవైన వాటిని ‘ఇర్ఖ్’ అని కూడా పిలుస్తారు. ఈ మాటకు రక్తనాళమనే అర్థమూ ఉంది. ఎడారి తూర్పు, దక్షిణపు అంచుల్లో గాలి అనేక దిక్కుల నుంచి వస్తుంది. అక్కడ నక్షత్రంలా నాలుగైదు చేతులు చాచిన దిబ్బలు పైకి ఎదుగుతాయి. అన్ని వైపుల నుంచీ తోపులాట ఉండడంతో అవి దాదాపు ఉన్నచోటే ఉంటాయి. దిబ్బ రూపాన్ని చూసి అక్కడి గాలుల స్వభావాన్ని చెప్పవచ్చు.

కాలం వేసిన ముద్రలు

1352లో ఇబ్నె బతూతా మొరాకోలోని సిజిల్మాసా నుంచి మాలీ రాజ్యానికి సహారా మీదుగా ప్రయాణించాడు. అక్కడ దారి అనేది కనిపించదనీ, ఒకచోట చూసిన ఇసుక కొండలు తర్వాత మరోచోటికి మారి ఉంటాయనీ ఆయన తన యాత్రా గ్రంథంలో నమోదు చేశాడు. ఒక కన్ను లేక, రెండో కన్ను జబ్బుపడిన ఒక మార్గదర్శి వారి బిడారును నడిపించాడట. ఆ దారి అందరికన్నా అతనికే బాగా తెలుసునని ఇబ్నె బతూతా ఆశ్చర్యపోయాడు.

రుబ్‌అల్ ఖాలీలోనూ కొలతకు అందిన నిదర్శనం ఉంది. 1930లో ఇస్లాం స్వీకరించి అబ్దుల్లాహ్ అనే పేరు పొందిన ఆంగ్ల యాత్రికుడు ఫిల్బీ, ఆద్ జాతి గాథలతో ముడిపడిన వబార్ అనే నగరాన్ని వెతుకుతూ 1932లో ఎడారి నడుమకు వెళ్లాడు. అక్కడ అతనికి నగరం దొరకలేదు. ఆకాశం నుంచి పడిన ఉల్క తవ్విన గుంటలు కనిపించాయి. వాటిలో పెద్దది సుమారు 116 మీటర్ల వెడల్పుతో, అప్పటికి 12 మీటర్ల లోతుతో ఉండేది. 1961 నాటికి లోతు 8 మీటర్లకు తగ్గింది. 1982 నాటికి గుంట దాదాపు పూడిపోయింది. ఉల్క తవ్విన గుంటను గాలి ఒక మనిషి జీవితకాలంలోనే ఇసుకతో నింపింది.

ఇంకా వెనక్కి వెళితే అక్కడ ఎడారే కనిపించదు. దిబ్బల మధ్య పల్లాల్లో తెల్లని సున్నపు మట్టి పొరలు, మంచినీటి గుల్లలు, నీటిగుర్రాల, అడవి దున్నల అవశేషాలు, రాతి బాణపు ములుకులు దొరికాయి. కొన్ని వేల ఏళ్ల క్రితం అక్కడ సరస్సులు ఉండేవి. మన పొలాలను తడిపే నైరుతి ఋతుపవనాలే ఆనాడు మరింత ఉత్తరానికి చేరి అరేబియాను పచ్చగా ఉంచాయి. సుమారు 5,000–6,000 ఏళ్ల క్రితం అవి వెనక్కి తగ్గడంతో సరస్సులు ఎండి, ఇసుక మళ్లీ లేచింది. ఇసుక రేణువు చివరిసారి సూర్యకాంతి చూసి ఎంతకాలమైందో కొలిచే పద్ధతి నేడు ఉంది. దాని సాయంతో ఏ దిబ్బ ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు నిద్రపోయిందో లెక్కించగలుగుతున్నారు. అరబ్బుల నేల తిరిగి పచ్చిక బయళ్లుగా, నదులుగా మారుతుందని తెలిపే హదీసు ఒకటి సహీహ్ ముస్లింలో ఉంది. ‘తిరిగి’ అన్న మాట దగ్గర విద్యార్థులు ఆగి ఆలోచించాలని నేను కోరుకుంటాను.

ఇసుకకు కళ్లెం

సౌదీ తూర్పు ప్రాంతంలోని అల్ అహ్‌సా ప్రపంచంలోని అతి పెద్ద ఒయాసిస్సుల్లో ఒకటి. లక్షలాది ఖర్జూర చెట్లున్న ఈ ప్రాంతాన్ని 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మదీనాలోని మస్జిదె నబవీ తర్వాత తొలిగా జుమా నమాజు జరిగినట్టు హదీసుల్లో ప్రస్తావన ఉన్న జవాసా మస్జిద్ ఇక్కడిదే. ఈ ఒయాసిస్సుకు ఉత్తరాన జాఫూరా ఇసుక ఎడారి. షమాల్ గాలి అక్కడి దిబ్బలను ఏటేటా తోటల మీదికి, పల్లెల మీదికి తోలుతూ వచ్చింది.

తవ్వి పారేస్తే తీరదా అని మనకు అనిపించవచ్చు. పది మీటర్ల ఎత్తున్న ఒక్క నెలవంక దిబ్బలోనే వేల టన్నుల ఇసుక ఉంటుంది. దాన్ని తొలగించినా వెనుక మరొకటి వస్తూనే ఉంటుంది. గోడ కడితే ఇసుక దానికి ఆనుకుని పేరుకుని, చివరికి గోడ ఎక్కి దిగుతుంది. గాలిని పూర్తిగా అడ్డకుండా నెమ్మదింపజేసే తడిక మేలు. ఖర్జూర మట్టలతో సందులు ఉంచి అల్లిన దడి దగ్గర గాలి బరువు దింపుకుని సాగిపోతుంది. శాశ్వతమైన ఉపాయం మాత్రం చెట్టు.

1962లో సౌదీ ప్రభుత్వం అల్ అహ్‌సాకు ఉత్తరాన చెట్ల వరుసలు నాటించడం మొదలుపెట్టింది. ప్రధానంగా ఎంచుకున్నది ‘అస్ల్’ చెట్టు, ఉర్దూలో ఝావు. దాని ఆకులు సన్నగా ఉంటాయి, ఉప్పు నేలను ఓర్చుకుంటాయి. కాండం ఇసుకలో పూడిపోతే, పూడిన భాగం నుంచే కొత్త వేళ్లు వేసి పైకి లేస్తుంది. సూరా సబాలో, కృతఘ్నులైన ప్రజల తోటలు వరదకు నాశనమయ్యాక మిగిలిన చెట్లలో ఈ అస్ల్ పేరు కూడా ఉంది. వైభవం పోయినచోట మిగిలిన ఆ చెట్టే అల్ అహ్‌సా ఖర్జూర తోటలకు కాపలా కాస్తోంది.

దీనికి విరుద్ధంగా జరిగినచోట ఫలితమూ విరుద్ధమే. పొదలను వంటచెరకుగా నరికినా, మోయలేనంత మందను మేపినా, శతాబ్దాలుగా నిద్రపోతున్న ఇసుక మేల్కొంటుంది. నడిచే దిబ్బలన్నిటినీ గాలి ఒక్కటే లేపలేదు. కొన్నింటిని మనిషి చేయి లేపింది.

మన తీరంలో

దిబ్బలు ఎడారి సొత్తు మాత్రమే కావు. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు చివరి మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి పోగుచేసిన తీరపు ఇసుకే. అవి కదలడం మాని నిలిచిపోయాక, రేణువుల మీది ఇనుము గాలికి, తడికి తుప్పుపట్టి ఎర్రనైంది. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

బాపట్ల నుంచి నెల్లూరు వరకు తీరం వెంట తెల్లని దిబ్బల వరుస ఉంది. వాన నీరు ఆ ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలికైన మంచినీటి పొరగా నిలుస్తుంది. సముద్రానికి కూతవేటు దూరంలో రైతులు దొరువులు తవ్వి తియ్యని నీరు తోడుకునేది ఈ పొర నుంచే. తుపాను వేళ ఎగసిపడే కెరటానికి తొలి అడ్డుకట్టగా నిలిచేదీ ఈ దిబ్బలే. వాటిని పట్టి ఉంచేవి నేలకు పాకే బాలబందితీగ, ‘రావణాసురుని మీసాలు’ అనే ముళ్ల గడ్డి, వెనుక వరుసలో సరుగుడు తోటలు. తీగను పీకి, గడ్డిని తొక్కి, దిబ్బను ట్రాక్టర్లకు ఎత్తి, చదును చేసి రొయ్యల చెరువు తవ్వితే ఆ పూటకు లాభం కనిపిస్తుంది. దొరువులో నీరు ఉప్పబారినప్పుడు, కెరటం ఇంటి గడపకు వచ్చినప్పుడు ఆ లాభం వెల ఎంతో తెలుస్తుంది. అప్పటికి దిబ్బను తిరిగి కట్టగలిగేది గాలి ఒక్కటే. దానికి తరాలు పడుతుంది.

నాటిన మొక్క నుంచి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నదంతా నాటినవారికి సదఖాగా నమోదవుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. ఇసుకను పట్టి ఉంచి, ఒక ఊరిని, ఒక బావిని కాపాడే మొక్క విషయంలో ఆ ఆశ మరింత బలంగా పెట్టుకోవచ్చు. తీర గ్రామాల్లో ఉన్న మన కుటుంబాలు ఈ వర్షాకాలంలో మస్జిదు తరఫున కొన్ని సరుగుడు మొక్కలైనా నాటే పని తలపెట్టవచ్చు. సెలవుల్లో పిల్లలను సూర్యలంకకో, భీమిలికో తీసుకువెళ్లినవారు వారికి ఒక గడ్డి దుబ్బు వెనుక చేరిన చిన్న ఇసుక పోగును చూపించండి. గాలి ఎటు నుంచి వీస్తున్నదో ఆ పోగు తోకను బట్టి వారినే చెప్పమనండి. ఇంటికి వచ్చాక సూరా అహ్‌ఖాఫ్‌ను అర్థంతో సహా కలిసి చదవండి.